కుడిగట్టు, ఎడమగట్టు: బాలలకు రంగస్థల దిశల తొలి పాఠాలు

మన సంస్థ టౌన్‌షిప్పులలో గణతంత్ర దినోత్సవం మొదలుకొని సంస్థ వార్షికోత్సవం వరకు జరిగే సాంస్కృతిక కార్యక్రమాలలో బాలల నాటిక లేనిది అరుదు. ఆ నాటిక కోసం ఉపాధ్యాయినులు, తల్లులు, క్లబ్బు సభ్యులు నెల రోజులపాటు శ్రమిస్తారు. సంభాషణలు వల్లె వేయిస్తారు. అట్ట కత్తిరించి, బంగారు కాగితం అంటించి కిరీటాలు తయారు చేస్తారు. అద్దె దుస్తుల కోసం పొరుగూరికి వెళతారు. ఇంత జరిగినా, బిడ్డ వేదికపై ఎక్కడ నిలబడాలి, ఎటునుంచి రావాలి, ఎటు తిరిగి మాట్లాడాలి అనే విషయం మాత్రం ప్రదర్శననాటి సాయంత్రానికి మిగిలిపోవడం పరిపాటి.

తరువాత జరిగేది పాఠకులకు విదితమే. తెర లేవగానే పిల్లలందరూ బడిలో ప్రార్థనకు నిలబడినట్లు ఒకే వరుసలో నిలబడతారు. మధ్యనున్న మైకు వద్దకు ఒకరి తరువాత ఒకరు వచ్చి, తమ మాట అప్పగించి వెనుకకు వెళతారు. పక్క తెర చాటునుంచి ఒకరు "ఇటు రా" అని, ముందు వరుస కుర్చీలోనుంచి మరొకరు "ఇటు జరుగు" అని చేతులు ఊపుతారు. ఆ ఇద్దరి "ఇటు" ఒకటి కాదు. నడుమ చిక్కుకున్న ఆరేళ్ల కుందేలు ఏడుపు ముఖం పెడుతుంది. సభ నవ్వుతుంది. సభ ఆ నవ్వును మరునాటికి మరచిపోతుంది గాని, బిడ్డ మరచిపోదు. రాత్రి షిఫ్టుకు పోవలసిన తండ్రి ఒకరు యూనిఫారంతోనే హాలుకు వచ్చి, చివరి వరుస వెనుక నిలబడి, నాటిక సాగినంతసేపూ అట్ట చెట్టు చాటున తన కూతురి రిబ్బను మాత్రం చూసి డ్యూటీకి వెళ్లిన సంగతి మేము ఎరుగుదుము. ఆ అమ్మాయి తన మాటలను ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఆమె చెప్పినట్లు ఆ తండ్రికి తెలియలేదు.

పిల్లల చిన్న వయస్సే దీనికి కారణమని అనుకోవడం సరి కాదు. వేదికకు తనదైన భాష ఒకటి ఉన్నది. అందులోని మాటలు పది, పన్నెండుకు మించవు. సంభాషణలకంటె ముందు ఆ మాటలు నేర్పినట్లయితే, వేదికపై నిలిచిన బిడ్డను చాటునుంచి ఎవరూ పిలువనక్కరలేదు. మా క్లబ్బు నాటక విభాగం పక్షాన వేసవి సెలవులలో కాలనీ బాలబాలికలకు నేర్పుతున్న ఆ మాటలను, నేర్పే తీరును ఇక్కడ ముచ్చటిస్తున్నాము.

మొట్టమొదటి చిక్కు కుడి ఎడమలది. నటుడు వేదికపై ఇటు తిరిగి ఉంటాడు, దర్శకుడు ఎదురుగా అటు తిరిగి కూర్చుంటాడు. ఒకరి కుడి మరొకరికి ఎడమ. ఆరేడు సంవత్సరాల బాలునికి తన కుడిచేయి ఏదో తెలిసినా, ఎదుట నిలబడిన మనిషి కుడిచేయి ఏదో చెప్పడం కష్టం. పెద్దలకు మాత్రం తేలికా? ఇటువంటి పత్రికలలో ఛాయాచిత్రాల కింద "ఎడమ నుండి కుడికి" అని పేర్లు వేస్తాము. అది చూసేవారి ఎడమ. వేదికపై ఆచారం దీనికి విరుద్ధం. ప్రేక్షకులకు అభిముఖంగా నిలిచిన నటుని కుడియే అక్కడ కుడి. అతడు వెనుకకు తిరిగినా, పడుకున్నా, పల్టీ కొట్టినా వేదిక కుడి మారదు. లోకమంతటా ఇదే పద్ధతి ఉన్నదనుకోరాదు. జర్మనీ నాటకశాలలలో ప్రేక్షకుని వైపునుంచి చూసి కుడి ఎడమలు చెప్పే ఆచారం ఉన్నది.

ఈ తగవును ఫ్రెంచివారు తీర్చుకున్న తీరు ముచ్చటైనది. 1770లో పారిస్‌లోని ప్రసిద్ధ నాటక సమాజం కొమెదీ ఫ్రాంసేజ్ ట్యూలరీ రాజప్రాసాదంలోని నాటకశాలకు తరలింది. ఆ వేదికకు ఒక పక్క ఉద్యానవనం, రెండవ పక్క ప్రాసాదపు ముంగిలి ఉండేవి. ఆనాటినుంచి అక్కడివారు కుడి ఎడమలను వదలి "తోట వైపు", "ముంగిలి వైపు" అనడం అలవాటు చేసుకున్నారు. ఆ ప్రాసాదం 1871లో తగులబడింది. మాట మాత్రం నిలిచింది. తోటగాని ముంగిలిగాని లేని నాటకశాలలలో సైతం ఫ్రెంచి నటులు నేటికీ ఆ పేర్లతోనే దిశలు చెప్పుకుంటారు. బయటనున్న చెట్టు ఎవరు ఎటు తిరిగినా కదలదు గనుక తికమకకు తావు లేదు.

మన పిల్లలకు ఏ తోట చూపాలా అని ఆలోచించినప్పుడు మాకు నది తోచింది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు కుడికాలువ, ఎడమకాలువ ఉన్నవని తెలుగునాట బడికి వెళ్లే ప్రతి బిడ్డా చదువుతుంది. జవహర్ కాలువ కుడిది, లాల్‌బహదూర్ కాలువ ఎడమది. ఎవరికి కుడి? గుంటూరువారికా, నల్లగొండవారికా? ఇద్దరికీ కాదు. నది పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతివైపున ఉండేది కుడిగట్టు. విజయవాడ కృష్ణకు ఎడమగట్టున ఉన్నది, రాజమహేంద్రవరం గోదావరికి ఎడమగట్టున ఉన్నది. చూసేవారు ఏ ఒడ్డున ఉన్నా, వంతెనపై ఎటు తిరిగి నిలబడినా ఆ గట్ల పేర్లు మారవు.

వేదిక కూడా నది వంటిదే. అది వెనుక తెరవద్ద పుట్టి ప్రేక్షకుల వైపు పారుతుంది. కనుక వెనుక భాగం ఎగువ, ముందు భాగం దిగువ. ప్రవాహంవెంట చూస్తూ నిలబడినవాని కుడిచేతివైపు కుడిగట్టు, ఎడమచేతివైపు ఎడమగట్టు. ఇంతే పాఠం. ఆంగ్లంలో వేదిక వెనుక భాగాన్ని అప్‌స్టేజ్ అని, ముందు భాగాన్ని డౌన్‌స్టేజ్ అని అనడంలో ఉన్న భావం సరిగా ఇదే. పూర్వం ఐరోపా నాటకశాలలలో వేదికను వెనుక ఎత్తుగా, ముందుకు వాలుగా నిర్మించేవారు. ఇటలీ వాస్తుశిల్పి సెబాస్తియానో సెర్లియో 1545లో ప్రకటించిన గ్రంథంలో అటువంటి వాలు వేదికను వివరించాడు. చిత్రించిన వీధులు, మేడలు దూరంగా పోతున్నట్లు కనిపించడానికి ఆ వాలు తోడ్పడేది. అటువంటి వేదికపై చెంబెడు నీళ్లు పోస్తే ప్రేక్షకులవైపే పారుతాయి! నేటి మన వేదికలు చదునైనవే అయినా పేర్లు నిలిచిపోయాయి. ఎగువ, దిగువ అనే తెలుగు మాటలకు వివరణ అవసరం లేదు. అయితే మన పిల్లలు రేపు మరొక రాష్ట్రంలోని యూనిట్‌కు బదిలీ అయ్యే తల్లిదండ్రుల పిల్లలు. కావున ఆంగ్ల పదాలు కూడా రెండవ వారంలో చెబుతాము. మొదటి వారంలో చెప్పము.

ఇక నేర్పే తీరు. హాలు అక్కరలేదు. క్వార్టర్ల డాబామీద గాని, షటిల్ కోర్టులో గాని సుద్దముక్కతో తొమ్మిది గళ్లు గీస్తాము. తొక్కుడుబిళ్ల ఆడిన పిల్లలకు గళ్లలోకి గెంతడం ఒకరు నేర్పవలసిన విద్య కాదు. గళ్లకు ఒక పక్కన పిల్లల చెప్పులన్నీ వరుసగా పెట్టిస్తాము. అవే ప్రేక్షకులు. చెప్పులకు దగ్గరి మూడు గళ్లు దిగువ, దూరపువి ఎగువ, నడిమివి నడుమ. దిగువ కుడి, దిగువ నడుమ, దిగువ ఎడమ అంటూ పిలుచుకుంటూపోతే తొమ్మిదింటికీ పేర్లు వస్తాయి. సరిగ్గా మధ్యనున్న గడిని పిల్లలు తామే "నట్టనడుమ" అన్నారు. మేమూ దానినే ఖాయం చేశాము.

పిలిచిన గడికి మూడు లెక్కపెట్టేలోగా చేరడం మొదటి ఆట. తప్పినవారిని ఆటనుంచి తొలగించరాదని మా గట్టి నమ్మకం. తప్పేవారికే కదా అభ్యాసం ఎక్కువ కావలసింది! తప్పినవారు తరువాతి పిలుపు పిలువాలి. పిలిచేవారు చెప్పుల వెనుక, అనగా ప్రేక్షకుల స్థానంలో నిలబడి పిలువాలి. అక్కడ నిలబడినప్పుడే ఎదుటివాని కుడిని ఊహించవలసిన అవసరం బిడ్డకు కలుగుతుంది. దర్శకుడు పడే పాట్లు కూడా తెలుస్తాయి. కుడి ఎడమలు స్థిరపడని చిన్నవారికి కుడి మణికట్టుకు ఎర్రదారం కడతాము. "అన్నం తినే చేయి" అని చెప్పడం సులువే గాని, ఎడమచేతి వాటపు పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వారు అందరిలో చిన్నబోకూడదు.

రెండవ వేసవిలో ఒక అమ్మాయి వచ్చింది. ఎనిమిదేళ్లుంటాయి. తండ్రికి ఒడిశానుంచి బదిలీ అయి పక్షం రోజులే అయింది. తెలుగు రాదు, స్నేహితులు లేరు. మొదటి రెండు రోజులు అమ్మ చీర చెంగు పట్టుకొని చెప్పుల వెనుకనే కూర్చున్నది. మూడవనాడు గళ్లలోకి దిగింది. ఆ అమ్మాయి నేర్చిన తొలి తెలుగు మాటలు ఎగువ, దిగువ. వాక్యం రానక్కరలేదు, మాటకు తగ్గట్లు అడుగు వేస్తే చాలు. వారం తిరిగేసరికి తడబడిన పిల్లలను చేయిపట్టి సరైన గడిలో నిలబెట్టసాగింది. ఆ యేటి నాటికలో ఆమెకు మూడు మాటలే ఉన్నాయి. కాని పన్నెండుమంది పిల్లలూ తాము ఎక్కడ ఉండాలో సందేహం వస్తే ఆమె ముఖంకేసి చూసేవారు. బదిలీల మధ్య పెరిగే మన పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు.

గళ్లు వచ్చాక కాగితం. ప్రతి బిడ్డకూ నాటిక ప్రతి ఒకటి, పెన్సిలు ఒకటి ఇవ్వాలి. తన మాట పక్కన "ది.కు." అని, "ఎ.న." అని తానే రాసుకోవాలి. పెన్సిలే ఎందుకంటే, అభ్యాసంలో ఈ కదలికలు మూడు నాలుగు సార్లు మారక తప్పదు. పాత తెలుగు నాటకాల ముద్రిత ప్రతులు కూడా ఒకటి రెండు చూపుతాము. ప్రవేశము, నిష్క్రమించును, తెరలో అనే మాటలు కుండలీకరణాలలో కనిపిస్తాయి. "నిష్క్రమించును" అనే మాటకు మా పిల్లలు ఎంత మురిసిపోయారంటే, ఆ వేసవి అంతా ఎవరూ ఇంటికి "వెళ్లలేదు", అందరూ నిష్క్రమించారు.

ప్రవేశ నిష్క్రమణలు కంఠస్థం చేయించవలసినవి కావు. కారణం తెలిస్తే గుర్తుండిపోతాయి. "నువ్వు కుడినుంచి రా" అని చెబితే పిల్లవాడు మరచిపోతాడు. "వీధి ఎటున్నది? వంటిల్లు ఎటున్నది? నుయ్యి ఎటున్నది?" అని అడిగి పిల్లలచేతనే నిర్ణయింపజేస్తే ఇక తప్పడు. నీళ్లకు ఎడమవైపు వెళ్లిన అవ్వ కుడివైపునుంచి బిందెతో తిరిగివస్తే, "అవ్వా, నుయ్యి ఇటు కదా!" అని పిల్లలే గోల చేస్తారు. ఊరు మారినట్లు చూపడానికి మన పూర్వులు ఇంకా సులువైన ఉపాయం చెప్పారు. భరతుని నాట్యశాస్త్రంలో కక్ష్యావిభాగమనే ప్రకరణం ఉన్నది. రంగంమీద పాత్ర ఒక చుట్టు తిరిగివస్తే మరొక చోటికి చేరినట్లే. తెర దించనక్కరలేదు, సామాను మార్చనక్కరలేదు. అయోధ్యనుంచి అడవికి పది అడుగులు. పిల్లలు తమ ఆటలలో రోజూ చేసే పని ఇదే గనుక వారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. ఆ శాస్త్రంలోనే మరొక మాట ఉన్నది. నేపథ్యగృహపు ద్వారాలు ఏ దిక్కుకు తెరుచుకుంటాయో, ప్రదర్శనలో ఆ దిక్కే తూర్పు. బయట సూర్యుడు ఎక్కడ ఉదయించినా సరే, వేదికకు దాని తూర్పు దానికున్నది. కుడి ఎడమల తగవుకు ఇది ఎంతటి ప్రాచీనమైన పరిష్కారమో గమనించగలరు.

ప్రవేశమంటే నడిచి రావడం మాత్రమే కాదని చెప్పడానికి కూచిపూడి భామాకలాపం కంటె మంచి ఉదాహరణ లేదు. ఇద్దరు పట్టుకున్న తెర వెనుకనుంచి సత్యభామ తన జడను తెరపైకి వేస్తుంది. మనిషి ఇంకా కనిపించనే లేదు, ఆమె ఎటువంటిదో సభకు తెలిసిపోయింది. మా పిల్లలచేత దుప్పటి పట్టించి ఈ ఆట ఆడించాము. దుప్పటి మీదుగా ఒకరు కర్ర చూపారు, ఒకరు గరిటె చూపారు, ఒకడు హెల్మెట్ చూపాడు. వాడి తండ్రి ప్లాంటు ఫైర్ సర్వీసులో ఉద్యోగి.

తరువాత శరీరం. ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు లోకంలో ముఖాముఖి నిలబడతాము. వేదికపై అలా నిలబడితే ప్రేక్షకులకు ఒక్కొక్కరిదీ ఒక చెవి, ఒక చెంప కనిపిస్తాయి. కొద్దిగా దిగువకు తిరిగి, ముఖం ముప్పాతిక వంతు కనిపించేలా నిలవాలి. ఇందుకు ఒక చిన్న సూత్రం ఉన్నది. చేయి చాపితే ఎగువ చేయి, అడుగు ముందుకు వేస్తే ఎగువ కాలు, మోకాలు వంచితే దిగువ మోకాలు. ఎగువ చేయి అంటే వెనుక తెరకు దగ్గరగా ఉన్న చేయి. దిగువ చేయి చాపితే అది ముఖానికి అడ్డం వస్తుంది. కుడిగట్టు వైపు తిరిగినప్పుడు ఒక చేయి ఎగువ చేయి అవుతుంది, ఎడమగట్టు వైపు తిరగగానే రెండవది అవుతుంది. ఈ తిరకాసు పిల్లలకు పొడుపుకథలాగా రుచిస్తుంది. పెద్దలకే కొంత సమయం పడుతుంది.

ఒకరికొకరు అడ్డం రావడాన్ని మన పరిషత్తు నాటకాలవారు మాస్కింగ్ అంటారు. మన కథలోని అట్ట చెట్టు చేసిన పని అదే. దీనికి విరుగుడు పిల్లల చేతిలోనే ఉన్నది. "నీకు చెప్పులు కనిపించకపోతే చెప్పులకు నువ్వు కనిపించవు" అని చెబితే చాలు. ప్రేక్షకులు కనిపించేదాకా తానే ఒక అడుగు పక్కకు వేస్తుంది. ఎవరి అనుమతి అక్కరలేదు. మాట చెబుతూ నడిచేవారు నిలబడినవారికి దిగువగా దాటాలి. ఎగువన నిలబడి మాట్లాడేవారు మిగతావారిని వీపు తిప్పేలా చేస్తారు గనుక, ఆ స్థానం రాజుకో, దేవతకో ఉంచి మిగతావారికి పొదుపుగా ఇవ్వాలి.

మైకు గురించి ఒక మాట చెప్పక తప్పదు. నిలువు మైకు ఒక్కటి నట్టనడుమ ఉన్నంతకాలం పైన చెప్పిన తొమ్మిది గళ్లూ వ్యర్థం. పిల్లలందరూ దానివద్దకే చేరుతారు, చేరవలసి వస్తుంది. దిగువ అంచున నేలకు దగ్గరగా రెండు మూడు మైకులు అమర్చితే కదలికకు స్వేచ్ఛ కలుగుతుంది. అవి లేనిచోట మైకు మానివేసి, గొంతు చివరి వరుసకు చేర్చడం నేర్పడమే మేలు. రెండువందలమంది పట్టే హాలులో పదేళ్ల బిడ్డ గొంతు చివరివరకు వినిపిస్తుంది. అయితే ఫ్యానులు ఆపాలి, పెద్దలు మాటలాపాలి. రెండవదే కష్టం.

పక్క తెరల వెనుక ప్రపంచం పిల్లలకు అన్నిటికంటె ఇష్టమైనది, అన్నిటికంటె ప్రమాదకరమైనది. నీకు ప్రేక్షకులు కనిపిస్తే ప్రేక్షకులకు నువ్వూ కనిపిస్తున్నావు గనుక అక్కడ తొంగిచూడరాదు. వేడెక్కిన దీపాలను, తెరతాళ్లను, నేలమీది తీగలను తాకరాదు. దీపాలు ఆరితే ఉన్నచోటనే నిలిచి, మూడు లెక్కించి, కళ్లు చీకటికి అలవాటుపడ్డాకనే కదలాలి. దిగువ అంచుకు అడుగున్నర ఇవతల తెల్లటి పట్టీ అంటించి, అది దాటరాదని మొదటినాడే చెప్పాలి. కర్మాగారంలో పసుపు గీత దాటరాదని ఎరిగిన మనకు ఈ సంగతి వేరుగా వివరించనక్కరలేదు. ఈ నియమాలు బెదిరించి నేర్పేవి కావు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో ఆరంభమైన సురభి కుటుంబాలలో పిల్లలు ఈ తెరల మధ్యనే పాకి, నడక నేర్చి, మాట నేర్చి వేషం కట్టారు. పెద్దలు చేసేది చూస్తూ నేర్చారు. మన పిల్లలకు అంతటి భాగ్యం లేదు, మనకున్నది ఆరు వారాలు. అయినా చూసి నేర్చే అవకాశం వారికి ఇవ్వాలి. ఒక్కొక్క పెద్ద పిల్లవాడికి ఒక్కొక్క చిన్నవాడిని అప్పగిస్తే పక్క తెరల వెనుక పెద్దల అవసరం సగం తగ్గుతుంది.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు అసలు హాలులో తొమ్మిది గళ్లు మళ్లీ గీయాలి. డాబామీద నాలుగడుగులున్న గడి అక్కడ ఏడడుగులు కావచ్చు. ఇక్కడ రెండు అంగలలో చేరినవారు అక్కడ నాలుగు అంగలు వేయాలి, మాట ముందే ముగిసిపోతుంది. ఒకసారి మాటలు లేకుండా కదలికలు మాత్రం, ఒకసారి కదలికలు లేకుండా మాటలు మాత్రం, ఆ తరువాతనే రెండూ కలిపి. ప్రదర్శననాడు పక్క తెరవద్ద ఇరువైపులా ఒక్కొక్క పెద్దమనిషి చాలు, వారూ మౌనంగా ఉండాలి. మిగిలిన మేమంతా వెళ్లి ప్రేక్షకులలో కూర్చుంటాము. ఈ నియమాన్ని పాటించడం మొదటి యేడు తల్లులకు మహా కష్టమైంది.

అన్నిటికంటె చివర నేర్పేది వందనం. తెర పడేముందు పిల్లలందరూ దిగువ నడుమకు రావాలి. చిన్నవారు ముందు, పెద్దవారు వెనుక, ఎవరి ముఖమూ ఎవరి చాటునా ఉండరాదు. ఒకటి, రెండు లెక్కకు వంగి, మూడుకు లేచి, కుడిసగం కుడిగట్టునుంచి, ఎడమసగం ఎడమగట్టునుంచి నిష్క్రమించాలి. చివరి బిడ్డ తెర చాటుకు చేరేవరకు దీపాలు ఆర్పవద్దని లైట్లవద్దనున్నవారికి ముందుగానే చెప్పి ఉంచాలి.